‘నా ఖర్మ’ వేరు, ‘వాళ్ల ఖర్మ’ వేరు

మా బుక్ క్లబ్‌లో ఆ నెల ‘కరమజోవ్ సోదరులు’ పెట్టుకున్నాం. పన్నెండు మందిలో నలుగురం పూర్తిగా చదివాం. మిగతావాళ్లు సగం దాకా వచ్చారు, ఇద్దరు యూట్యూబ్‌లో సారాంశం చూసొచ్చారు. అయినా చర్చ బాగానే నడిచింది. ఇవాన్ దగ్గరికొచ్చేసరికి గది వేడెక్కింది. దోస్తొయెవ్‌స్కీ తన కాలపు పత్రికల్లో, కోర్టు వార్తల్లో చదివిన పసిపిల్లల హింసల్ని ఇవాన్ నోట ఒక్కొక్కటిగా చెప్పిస్తాడు. చివరికి అంతా సర్దుకుంటుందని ఎవరు భరోసా ఇచ్చినా, ఆ పిల్లల కన్నీళ్లు పునాదిగా కట్టే స్వర్గానికి తనకి ప్రవేశం వద్దంటాడు ఇవాన్. దేవుడు లేడని కూడా అనడు. టికెట్ మాత్రం వెనక్కి ఇచ్చేస్తాడు.

అప్పుడు అతిథిగా వచ్చిన ఒక పెద్దాయన మైకు తీసుకున్నారు. మంచి విమర్శకులు, ఆయన రాసినవి నేను వెతుక్కుని మరీ చదువుతాను. ఆయన నవ్వుతూ అన్నారు: “ఇది మన సమస్య కాదండీ. దేవుడు ఒక్కడే, ఆయన ప్రేమమయుడు, సర్వశక్తిమంతుడు అనుకునే మతాలకొచ్చిన చిక్కు ఇది. మనకి కర్మ సిద్ధాంతం ఉంది. మనకి ఈ ప్రశ్నే పుట్టదు.”

చప్పట్లు. నేనూ కొట్టాననుకుంటా, అలవాటు కొద్దీ. మెట్రో ఎక్కాక గానీ ఒళ్లు మండలేదు.

ఎందుకు మండిందో చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు మా టీమ్‌లో ఒకతని కొడుకు లుకేమియాతో పోయాడు. నాలుగేళ్లవాడు. నిజాంపేటలో వాళ్ల ఫ్లాట్‌కి నలుగురం వెళ్లాం. హాల్లో సోఫాలు తీసేసి చాపలు పరిచారు. టీవీ కింద అరలో పసుప్పచ్చ జేసీబీ బొమ్మ ఒకటి ఉండిపోయింది, ఎవరూ తియ్యలేదు. ఏం మాట్లాడాలో మాకు తెలీదు. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, వాళ్ల బంధువు ఒకాయన. “రుణానుబంధం అంతే నాయనా. వాడికి నీ దగ్గర రావాల్సిందేదో ఉంది. వసూలు చేసుకున్నాడు, రుణం తీరింది, వెళ్లిపోయాడు” అన్నాడు. మా వాడు తలాడించాడు. పిల్లాడి తల్లి లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆయన చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడట, వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందిస్తున్నాడు. కానీ బుక్ క్లబ్‌లో పెద్దాయన అన్నదీ చావింట్లో ఈయన అన్నదీ ఒకటే మాట. అక్కడ దానికి చప్పట్లు పడ్డాయి, ఇక్కడ తలుపు పడింది. ఆ సాయంత్రం మైకు నా చేతికి వచ్చుంటే ఏం చెప్పేవాణ్నో ఇప్పుడు చెప్తాను.

ముందు ‘మన సమస్య కాదు’ అన్న మాట సంగతి తేల్చుకుందాం. దేవుడు మంచివాడు, అన్నీ చేయగలవాడు అయితే లోకంలో ఇంత దుఃఖం ఎందుకుంది? ఈ ప్రశ్నకి యూరప్‌లో ఒక పేరు పెట్టి పుస్తకం రాసినవాడు లైబ్నిజ్, 1710లో. పేరు పెట్టినంత మాత్రాన ప్రశ్న ఆయనదై పోదు. మహాభారతం స్త్రీపర్వం తెరవండి. నూరుగురు కొడుకుల శవాల మధ్య నిలబడి గాంధారి కృష్ణుణ్ని నిలదీస్తుంది. ఆమె వాదాన్ని గమనించండి, లాయరు వాదంలా ఉంటుంది. నీకు బలం ఉంది, బలగం ఉంది, ఇరుపక్షాల చేత మాట వినిపించుకోగల నేర్పు ఉంది. ఆపగలిగీ ఆపలేదు. కావాలనే ఉపేక్షించావు. ఇంతకన్నా సూటిగా ఈ సమస్యని ఏ తత్వవేత్త చెప్పాడు? ఆ తర్వాత శాపం పెడుతుంది. కృష్ణుడు శాపాన్ని కాదనడు. కాకపోతే వెంటనే, తప్పంతా నీదే, నీ కొడుకుని వెనకేసుకొచ్చింది నువ్వే అని దెప్పుతాడు. ఆ దెప్పడంలో న్యాయం లేకపోలేదు. అయినా ఆమె అడిగింది ‘నువ్వెందుకు ఆపలేదు’ అని, ఆయన చెప్పింది ‘నువ్వేం చేశావో చూసుకో’ అని. మన జవాబులన్నిటికీ నమూనా ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

అరణ్యపర్వంలో ద్రౌపది ఇంకా ముందుకెళ్తుంది. సజ్జనుడు అడవిలో, దుర్యోధనుడు సింహాసనం మీద. ఇది చూశాక ఆమెకి విధాత మీదే కోపం వస్తుంది. కొయ్యబొమ్మల్ని ఆడించినట్టు మనుషుల్ని ఆడిస్తున్నాడు, తల్లిలా తండ్రిలా కాదు అంటుంది. ధర్మరాజు ఏం చేస్తాడు? నువ్వు నాస్తికుల మాటలు మాట్లాడుతున్నావని మందలిస్తాడు. ఆమె తగ్గి, నేను ధర్మాన్ని తూలనాడటం లేదు, బాధలో ఉన్నాను, ఆ బాధ మాట్లాడిస్తోంది అంటుంది. నాకు మహాభారతంలో అతి నిజమైన ఘట్టాల్లో ఇదొకటి. అడిగినవాళ్లిద్దరూ ఆడవాళ్లే కావడం, ఇద్దరికీ జవాబుగా మందలింపే దొరకడం యాదృచ్ఛికం అనుకోలేను. సరే, అది వేరే వ్యాసం.

కావ్యం కదా, శాస్త్రం కాదు కదా అంటారా? బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలో ఈ ప్రశ్నకి ఏకంగా ఒక సూత్రమే ఉంది. ఈశ్వరుడు లోకాన్ని సృష్టిస్తే ఆయనకి పక్షపాతం, నిర్దయ అనే రెండు దోషాలు అంటుకోవా అన్నది అక్కడి ఆక్షేపణ. నిర్దయ అన్న నింద ఎప్పుడొస్తుంది? దయ ఉండాలని ఎవరో ఆశించినప్పుడు. అంటే ఆ ఆశ ఇక్కడ ఉంది, ఆ నింద కూడా ఇక్కడే పుట్టింది. పుట్టని ప్రశ్నకి సూత్రం రాసేంత తీరిక బాదరాయణుడికి లేదు.

శంకరుల జవాబు ప్రసిద్ధమే. ఈశ్వరుడు వర్షం లాంటివాడు. వాన అన్ని గింజల మీదా ఒకేలా కురుస్తుంది. వరి వరిలా, యవలు యవల్లా మొలిచాయంటే ఆ తేడా విత్తనాలది, వానది కాదు. అలాగే జీవుల సుఖదుఃఖాల్లో తేడాలు వాళ్ల కర్మల వల్ల వస్తాయి, ఈశ్వరుడికి పక్షపాతం లేదు.

అందమైన పోలిక. కానీ నేను దివిసీమవాడి కొడుకుని. వాన పోలిక నాకు అంత తేలిగ్గా దిగదు.

1977 నవంబర్ 19, శనివారం. కార్తీకం మొదలైన వారమో పదిరోజులో, వరి కోతకొచ్చి ఉంది. నాగాయలంక దగ్గర మా ఊళ్లో మావాళ్లది తాటాకిల్లు. అంతకు ముందు రోజు నుంచే గాలి. రేడియోలో తుపాను అన్నారు గానీ తుపాను అంటే గాలీ వానా అనే అందరికీ తెలుసు, సముద్రం లేచొస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. తాడిచెట్టు సగం ఎత్తు నీళ్లు అనేది మా మామ్మ. ఊళ్లో ఉన్న ఒకే డాబా వైపు పరిగెత్తారు. తాత భుజం మీద మా నాన్న, తొమ్మిదేళ్లవాడు. మామ్మ చేతిలో ఆరేళ్ల ఆడపిల్ల. నాకు మేనత్త కావలసిన పిల్ల. డాబా మెట్ల దాకా వచ్చాక నీళ్లు వెనక నుంచి కొట్టాయి. మామ్మ చెయ్యి జారింది.

సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకా ఘోరం. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్లు పదివేలు దాటారు. అవనిగడ్డలో వాళ్ల జ్ఞాపకంగా ఒక స్థూపం ఉంది. చిన్నప్పుడు బస్సు దాని పక్క నుంచి పోతుంటే నాన్న కిటికీ వైపు కాకుండా ఇటు తిరిగి కూర్చునేవాడు.

మామ్మకి కూడా ఊళ్లో పెద్దలు అదే మాట చెప్పారు. రుణం తీరిందన్నారు. ఇంకొకావిడ, పోయిన జన్మలో ఎవరి బిడ్డనో నీళ్లలో తోసి ఉంటావే అని కూడా అందట. ఆ మాట మామ్మ నలభై రెండేళ్లు మోసింది. నాకు ఊహ తెలిశాక ఒకసారి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, “నిజంగా తోశానంటావా నానా?” అని అడిగింది. నాకు పన్నెండేళ్లు. లేదు మామ్మా అన్నాను. “నీకెట్టా తెల్సు?” అంది.

కర్మ సిద్ధాంతం మీద నా వాదమంతా ఆ “నీకెట్టా తెల్సు”లోనే ఉంది.

మా వృత్తిలో ఒక దుర్మార్గపు అలవాటుంది. కస్టమర్ ఒక బగ్ రిపోర్ట్ చేస్తాడు. రూట్ కాజ్ దొరకదు. రిలీజ్ డేట్ దగ్గరపడుతుంది. అప్పుడు ‘యూజర్ ఎర్రర్’ అని రాసి టికెట్ క్లోజ్ చేసేస్తాం. నేనూ చేశాను, అబద్ధం ఎందుకు. యూజర్ తిరగబడి, నేనేం తప్పు చేశానో లాగ్స్ చూపించండి అంటాడు. లాగ్స్ ఉన్నాయండీ, కానీ మీకు యాక్సెస్ లేదు, మాకూ లేదు, అవి పాత వెర్షన్‌వి అని చెప్తే ఊరుకుంటాడా? కర్మ సిద్ధాంతం చెప్పేది సరిగ్గా అదే. తప్పు నీదే. ఏ తప్పో నీకు గుర్తుండదు. చేసినప్పుడు నువ్వు ఈ మనిషివి కూడా కాదు. అయినా శిక్ష సబబే. ఏ శిక్ష వేసినా, ఎందుకో మనిషికి తెలిసేలా వేస్తేనే అది దిద్దుబాటు. నాలుగేళ్ల పిల్లాడికి కీమోథెరపీ ఎందుకో తెలీదు, నొప్పి మాత్రం తెలుసు.

ఇంకో చిక్కు. ఈ జన్మ దుఃఖానికి పోయిన జన్మ, దానికి అంతకు ముందుది. మరి మొట్టమొదటి తేడా ఎలా వచ్చింది? ఈ ప్రశ్న కూడా సూత్రకారుడే వేసుకున్నాడు, నిజాయితీ గలవాడు. జవాబు: సంసారానికి మొదలు లేదు. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే బేస్ కేస్ లేని రికర్షన్. ఎంత వెనక్కి వెళ్లినా ‘దానికి ముందు చూడు’ అనే వస్తుంది. అది జవాబు కాదు, వాయిదా. వాయిదాలకి అంతం లేదు కాబట్టి జవాబు ఉన్నట్టే అనడం నాకు అర్థం కాదు.

ఇవన్నీ పక్కనపెట్టి ఒక్క లెక్క చూడండి. 1990 మే నెలలో దాదాపు అంత తీవ్రమైన తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. పక్కన ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కి పదివేల మంది దాకా పోయారు, అదే ఒడిశాలో 2013 ఫైలిన్‌కి కొన్ని పదుల మంది. మధ్యలో ఏం జరిగింది? తీరప్రాంత ప్రజల పూర్వజన్మలు బాగుపడ్డాయా? హెచ్చరికలు మెరుగుపడ్డాయి, తుపాను షెల్టర్లు కట్టారు, లక్షల మందిని ముందే బస్సులెక్కించి తరలించారు. ప్రారబ్ధం అనుభవించక తప్పదంటారే, మరి ఆ ప్రారబ్ధం సిమెంటు శ్లాబు కింద ఉన్నవాణ్ని ఎందుకు వదిలేస్తుంది? మా ఊళ్లో కూడా తాటాకిళ్లు కొట్టుకుపోయాయి, డాబా నిలబడింది. కర్మకి ఎవరిది పెంకుటిల్లో ఎవరిది గుడిసో ఇంత బాగా తెలియడం ఏంటి?

షెల్టర్ కట్టించింది కూడా దేవుడే అంటారు, నాకు తెలుసు. అయితే పదమూడేళ్లు ఆలస్యం ఎందుకు చేశాడు?

ఇక్కడ పెద్దాయన మాటలోని అసలు మెలిక విప్పాలి. మన దేవుడు ప్రేమమయుడని మనం అననే అనలేదన్నట్టు మాట్లాడారు. మరి ఆపదమొక్కులవాడు ఎవరండీ? ఆపద్బాంధవుడు, అనాథరక్షకుడు, ఆర్తత్రాణపరాయణుడు, ఇవన్నీ ఏ దేశపు దేవుడి బిరుదులు? పోతన గజేంద్రుడు మొసలి పట్టులో నలిగిపోతూ, అసలు వస్తాడో రాడో, ఉన్నాడో లేడో అని అనుమానపడి మరీ పిలిస్తే, శంఖచక్రాల మాట మర్చిపోయి పరుగెత్తుకొచ్చినవాడు ఎవరు? ఆ పరుగుని పిల్లల చేత బట్టీపట్టించే జాతి మనది. మన ఇళ్లలో కొలిచే దేవుడు వాన లాంటివాడు కాదు. పిలిస్తే వచ్చేవాడు. కర్మని కూడా దాటించగలవాడు, అందుకే మొక్కుకుంటాం, అందుకే కొండెక్కుతాం. అంతా కర్మ ప్రకారమే నడిచేట్టయితే మొక్కు దేనికి?

ఇక రెండే దార్లు. కరుణతో కర్మని మాఫీ చేసే అధికారం ఆయనకి ఉందా? ఉంటే ఏనుగుకి చేసింది ఆరేళ్ల పిల్లకి ఎందుకు చెయ్యలేదు? లేదా? అయితే ఆ బిరుదులు వెనక్కి తీసుకోవాలి. పొద్దున్న సుప్రభాతంలో కరుణామయుడని లేపి, సాయంత్రం చావింట్లో ఆయన చేతుల్లో ఏముందమ్మా అంతా కర్మ అంటే కుదరదు. సమస్య మనది కాదు అనేవాళ్లు చేసేది ఇదే. సుఖంలో భక్తి, దుఃఖంలో మీమాంస.

వేరే మతాలకి దీనికన్నా మంచి జవాబులున్నాయని నేను అనడం లేదు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టి చెడు వచ్చిందంటారు. యుద్ధాలకి పనికొస్తుందేమో, తుపానుకీ ఎముకమజ్జకీ స్వేచ్ఛతో పనేముంది? బాధ ఆత్మకి శిక్షణ అంటారు. శిక్షణ పూర్తవకుండానే నాలుగేళ్లకి పోయినవాడి సంగతి? 1755 నవంబర్ 1న, సకల పునీతుల పండుగనాడు, చర్చిల నిండా జనం ఉన్నప్పుడు లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఇదే అత్యుత్తమ ప్రపంచం అన్న ధీమా మీద వోల్టేర్ విరుచుకుపడ్డాడు, ముందు పద్యంగా, 1759లో ‘కాండీడ్’గా. రూసో మాత్రం ఆయనకి ఉత్తరం రాస్తూ, ఆరేడంతస్తుల ఇళ్లని అక్కడ ఇరికించి కట్టింది ప్రకృతి కాదు కదా అన్నాడు. రూసో దేవుణ్ని వెనకేసుకురావడానికే అన్నా, ఆ మాట నాకు నచ్చింది. కనీసం ఇళ్ల వైపు చూశాడు.

మనకీ ఒక లిస్బన్ ఉంది, దాన్ని మనం సరిగ్గా చదువుకోం. 1934 జనవరి 15న బీహార్‌లో, నేపాల్‌లో పెద్ద భూకంపం. వేలమంది పోయారు. గాంధీ అప్పుడు అస్పృశ్యతా నివారణ కోసం దక్షిణాదిలో తిరుగుతున్నారు. జనవరి 24న తిరునెల్వేలిలో, ఈ భూకంపం హరిజనుల పట్ల మనం చేసిన పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. ఆలోచించి చూడండి, ఆశయం ఎంత మంచిది! అస్పృశ్యత పోవాలని టాగోర్‌కి మాత్రం లేదా? అయినా టాగోర్ ఊరుకోలేదు. భౌతికమైన ఉత్పాతానికి భౌతికమైన కారణాలే ఉంటాయన్నాడు. దూరాన క్షేమంగా ఉన్న పాపులకి బుద్ధి చెప్పడానికి పసిపిల్లల్నీ, అస్పృశ్యుల్నీ కూడా కలిపి చంపే దేవుడికన్నా మామూలు మనిషి నీతే మెరుగవుతుందన్నాడు. ఇదే తర్కంతో మీ ప్రత్యర్థులు, ఈ భూకంపం మీ ఉద్యమం వల్లే వచ్చిందనొచ్చు అని కూడా హెచ్చరించాడు. గాంధీ ఆ ప్రకటనని తన ‘హరిజన్’ పత్రికలోనే ఫిబ్రవరి 16న వేసి, పక్కనే తన జవాబూ వేశారు. మాట మార్చుకోలేదు. ప్రకృతి వైపరీత్యాలకీ మనిషి నీతికీ ఏదో సంబంధం ఉందనే తన నమ్మకం అన్నారు.

గాంధీ మీద నాకు గౌరవం ఉంది. ప్రత్యర్థి మాటని తన పత్రికలోనే అచ్చేసే సంపాదకులు ఇప్పుడెంతమంది? కానీ ఆ వాదంలో గెలిచింది టాగోరే. శవాన్ని ఉదాహరణగా వాడుకోకూడదు, ఎంత మంచి పాఠం చెప్పడానికైనా సరే. గాంధీకే సాధ్యం కాలేదంటే ఈ వివరించే జబ్బు ఎంత బలమైందో చూడండి.

బైబిల్‌లో యోబు కథ గుర్తుందా? పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులొస్తారు. ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత మొదలుపెడతారు: ఏదో పాపం చేసే ఉంటావు, ఒప్పుకో. చివర్లో దేవుడొచ్చి చేసేదేంటంటే, తనని తిట్టిపోసిన యోబే నిజం మాట్లాడాడని, తనని వెనకేసుకొచ్చిన ఈ ముగ్గురి మీదా కోపంగా ఉన్నానని అంటాడు. యోబు ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పడు, అది వేరే సంగతి. కానీ దేవుడి తరఫు లాయర్లకి దేవుడే ఫీజు ఎగ్గొట్టిన కథ ఇది.

మా మామ్మ 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చూసి వెక్కివెక్కి ఏడ్చిందట. సిలువ మీద ఆయన్ని చూసి కాదు, కింద నిలబడ్డ మరియని చూసి. దేవుడే వచ్చి మనతో పాటు బాధపడ్డాడు అనే క్రైస్తవుల మాట మిగతా వివరణలన్నిటికన్నా నన్ను ఎక్కువ కదిలిస్తుంది. కానీ చేతిలో మందు ఉన్న డాక్టరు మంచం పక్కన కూర్చుని మనతో పాటు ఏడిస్తే సరిపోతుందా?

సరే, ఇంత మాట్లాడాక అందరూ అడిగేది ఒకటే. ఆ తల్లికి ఆ కాస్త ఊరట కూడా లేకుండా చేస్తే నీకేం వస్తుంది? కర్మ అనుకునే కదా కోట్లమంది పొద్దున్నే లేచి పనులు చేసుకుంటున్నారు?

ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. తెలుగులో ‘నా ఖర్మ’ అనే మాట ఎప్పుడు వాడతామో గమనించండి. పాలు పొంగిపోయినా, కొడుకు తాగొచ్చినా, పెన్షన్ రాకపోయినా ‘నా ఖర్మ’. అందులో సిద్ధాంతం ఏమీ లేదు. అదొక నిట్టూర్పు. తనని తాను కాసేపు ఆపుకోవడానికి మనిషి వేసుకునే బ్రేకు. మామ్మ కూడా రోజుకి పదిసార్లు అనేది. ఆ మాట లాక్కోవడానికి నేనెవర్ని? కానీ ఆ సర్వనామం మార్చి చూడండి. ‘నీ ఖర్మ’ అంటే అదొక ముద్ర. ‘వాళ్ల ఖర్మ’ అంటే తీర్పు. ఆ తీర్పుతోనే కొన్ని కులాలని ఊరి బయట పెట్టాం, వికలాంగుల్ని గుడి మెట్ల మీద కూర్చోబెట్టాం, భర్త పోయినవాళ్లని శుభకార్యాలకి పిలవడం మానేశాం. బాధపడేవాడు తనకోసం చెప్పుకునే మాటని పక్కన నిలబడ్డవాడు ఎత్తుకుపోయి తత్వశాస్త్రం చేశాడు. నా గొడవ ఆ ఎత్తుకుపోయినవాడితో.

అసలు ఆ మాట ఊరటనిచ్చేది ఎవరికి? నిజాంపేట ఫ్లాట్‌లో ఆ తల్లికి రాలేదు, లేచి వెళ్లిపోయింది. వచ్చింది మాకు. ఆ బంధువు నోరు విప్పిన మరుక్షణం, చాప మీద కూర్చున్న మా నలుగురికీ ఊపిరాడింది. హమ్మయ్య, ఎవరో ఏదో చెప్పారు, దీనికి ఒక లెక్క ఉంది, మన పిల్లలకి ఇలా కాకపోవచ్చు. నా కూతురికి అప్పుడు మూడేళ్లు. నేనూ ఆ ఊపిరి పీల్చుకున్నాను. అందుకే ఇంత సిగ్గు, ఇంత కోపం.

దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలీదు. నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు. రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని, నగలకి ఎంతెంత అయిందో లెక్కలు చెప్పి మరీ రాముణ్ని నిలదీశాడు, అదీ నమ్మకమే. ఆ పాటలో నా ఖర్మ అని సర్దుకోవడం లేదు, నువ్వు బాకీ ఉన్నావని వసూలుకి కూర్చోవడం ఉంది. మనవాళ్లు ఆ తిట్లని ఇవాళ్టికీ గుళ్లో పాడుతున్నారు. ప్రేమమయుడని నమ్మేవాడు చెయ్యగలిగిన న్యాయమైన పని అదేననిపిస్తుంది. నమ్ముతావా, అడుగు. అడగలేవా, పోయినవాళ్ల ఇంట్లో మంచినీళ్లు అందించు. మధ్యలో నిలబడి ఆయన తరఫున సమాధానాలు చెప్పకు.

మామ్మ ఉప్పెనకి ముందు ఏటా మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లేదట. కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగి, వేణుగోపాలస్వామిని చూసి వచ్చేది. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. ఇంట్లో దీపం మాత్రం ఒక్కరోజు మానలేదు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, అప్పుడే నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో అడిగాను, ఇంకా ఎందుకు పెడతావు మామ్మా ఆయనకి దీపం అని.

“మాటల్లేవురా ఆయనకీ నాకూ. దీపం అంటావా, చీకట్లో ఉంచుతామా ఏంటి” అంది.

2019లో పోయింది. పదో రోజున వచ్చినవాళ్లలో ఒకాయన, పుణ్యాత్మురాలు, బాధ లేకుండా పోయింది, ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో అన్నాడు. నాన్న ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పడు. ఆ రోజు మాత్రం విస్తరి ముందు నుంచి లేచి, “బాబాయ్, ఆ లెక్కలు మా ఇంట్లో వద్దు. పులుసు వేయించుకోండి” అన్నాడు.